అచ్చుకాని వారాలు

మా ఆయన పెళ్లి ఫొటోలు తియ్యడానికి మంచిర్యాల వెళ్లాల్సిన రోజే సారు సభ పెట్టుకున్నారు. అందువల్ల ఆ సభకు కెమెరా పట్టుకుని నేను వెళ్లాను.

అవి డెబ్బైల నడుమ రోజులు. మా స్టూడియో గోదావరిఖని చౌరస్తా పక్క సందులో ఉండేది. బయటి పనులన్నీ మా ఆయనవి. చీకటిగదిలో ఫిల్ములు కడగడం, నెగెటివ్ మీద సన్న పెన్సిల్‌తో మొహాల మచ్చలు దిద్దడం, ప్రింట్లు ఆరబెట్టడం నావి. ఆడవాళ్లో చంటిపిల్లలో వస్తే లోపల ఫొటోలు కూడా నేనే తీసేదాన్ని. అంతే తప్ప ఒక ఆడమనిషి మెడలో కెమెరా వేసుకుని నలుగురి మధ్యకు వెళ్లడం మా ఊళ్లో అప్పటికి ఎవరూ చూసి ఉండరు.

సారు అంటే మిషన్ బడిలో సైన్సు చెప్పే సారు. మా నాన్న, ఆయన ఒకే చర్చికి వెళ్లేవారు. మా ఆయన ఊళ్లో ఉండడని తెలిసి సారు స్టూడియో గడప మీద నిలబడి కాసేపు ఆలోచించారు.

"అయితే నువ్వే రా బిడ్డా," అన్నారు.

"అందరు మగోళ్లే ఉంటరు గద సారూ?"

"ఉంటే ఏమాయె? ఆడోళ్లు సుత చంద్రుని మీదికి పోవాల్నని పత్రికలల్ల వాదించెటోళ్లు వాళ్లు. నువ్వు మా బడిదాక వస్తే తప్పంటరా?"

అది అంతరిక్ష కథలు చదివేవాళ్ల సభ. వేరే గ్రహాల మీదికి వెళ్లే కథలు, వెయ్యేళ్ల తర్వాతి లోకం ఎట్లా ఉంటుందో చెప్పే కథలు అప్పట్లో వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చేవి. వాటిని ప్రాణంగా చదివి, పత్రికకు ఉత్తరాలు రాసేవాళ్లు అక్కడక్కడా ఉండేవారు. ఉత్తరం కింద అచ్చయ్యే పేరు, ఊరు తప్ప ఒకరి గురించి ఒకరికి ఏమీ తెలియదు. సారు కూడా అట్లా రాసేవారే. ఆ పేర్లన్నీ పట్టుకుని, ఊరికొక కార్డు చొప్పున రాసి, బడికి సెలవులున్నప్పుడు అందరినీ ఒక రోజు పిలిచారు. హైదరాబాదు వదిలి ఈ బొగ్గు ఊరికి ఎవరు వస్తారని మా నాన్న అడిగితే, "వచ్చి చూస్తే వాళ్లకే తెలుస్తది. మనది సగం వేరే గ్రహమే," అన్నారట.

నేను ఆ మాట నవ్వులాటగా తీసుకోలేదు. నేను పుట్టింది ఇక్కడే అయినా, సాయంత్రం షిఫ్టు దిగి వచ్చే మనుషులను చూస్తే ఒక్కోసారి నాకూ అట్లాగే అనిపించేది. కళ్ల తెలుపు, పళ్ల తెలుపు తప్ప ఏమీ కనిపించని మొహాలు, తలకు దీపాలు. ఎవరి భర్త ఎవరో నడకను బట్టి పోల్చుకునే ఆడవాళ్లు.

ఆ రోజు పొద్దున్నే వెళ్లాను. బడి హాల్లో నల్లబల్ల పైన గుడ్డ మీద రంగుతో రాసిన బ్యానరు కట్టి ఉంది. వరంగల్ నుంచి బ్యాంకు గుమాస్తా ఒకాయన, కాజీపేట నుంచి రైల్వే గార్డు, కరీంనగర్ కాలేజీ కుర్రాళ్లు, పవర్‌హౌసులో పనిచేసే ఇంజనీర్లు, ఇంకా నాకు తెలియని వాళ్లు, అంతా కలిసి ముప్ఫై మంది దాకా ఉంటారు. ముందు ఎవరికి వాళ్లు బిడియంగా నిలబడ్డారు. ఒకరు తమ ఊరి పేరు చెప్పగానే ఇంకొకరు "అయ్యో, మీరేనా! ఆ ఉత్తరం రాసింది మీరేనా!" అని చేతులు పట్టుకున్నారు. పెద్ద వయసు మనుషులు, జీతాలు తెచ్చుకుని సంసారాలు నడిపేవాళ్లు, చిన్నప్పుడు తప్పిపోయిన అన్నదమ్ముల్లాగా ఒకరినొకరు చూసుకోవడం నాకు వింతగా ఉండింది. ఇన్నేళ్లూ వాళ్ల ఇళ్లల్లో ఈ ముచ్చట వినేవాళ్లు ఎవరూ ఉండి ఉండరని అప్పుడు అర్థమైంది.

మాది రెండు లెన్సుల కెమెరా. మెడలో వేలాడదీసుకుని, పైనుంచి తొంగి గాజుపలక మీద బొమ్మ చూసుకుంటూ తియ్యాలి. ఆ పలక మీద కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనిపిస్తుంది. ఎదుటి మనిషి కళ్లలోకి చూడక్కర లేదు కాబట్టి నా బెరుకుకు అది మంచిదే అయింది. తలవంచుకుని నా పని చేసుకుంటూ పోయాను. టీ పెట్టెల లోపలి వెండి కాగితంతో కుట్టుకున్న అంగీ వేసుకుని ఒక కాలేజీ కుర్రాడు నిలబడ్డాడు. వాడి తలకు ఎవరో గనిదీపం కట్టారు. వర్క్‌షాపు ఫిట్టరు ఒకాయన రేకులతో చేసి తెచ్చిన రాకెట్టును బల్ల మీద పెట్టి, దాని పక్కన తన కొడుకును నిలబెట్టినట్టు చెయ్యి వేసి ఫొటో తీయించుకున్నాడు. గోడకు గ్రహాల బొమ్మలు. ఒక మూల పాత పత్రికల కట్టలు, వాటి మీద వంగిపోయిన వీపులు.

పొద్దు కాస్త ఎక్కాక ఒక జంట వచ్చింది. ఆయనకు నలభై దాటి ఉంటాయి. ఉతికిన తెల్ల చొక్కా, నల్ల కళ్లద్దాలు. నుదుటి మీద, చెంపల మీద నీలిరంగు చుక్కలు. పేలుడులో బొగ్గు నలుసులు చర్మంలోకి దూరితే మచ్చలు అట్లా ఉండిపోతాయి. ఆయన చెయ్యి పట్టుకుని భార్య నడిపించుకొస్తున్నది. ఆమె నాకు ముఖపరిచయమే. కంపెనీ దవాఖానలో ఆయా. ఆయన గనిలో బొగ్గు పేల్చడానికి మందు పెట్టే పని చేసేవాడు. ఒకసారి మందు వేళ తప్పి పేలి రెండు కళ్లూ పోయాయి. ఆ తర్వాత కంపెనీ ఆమెకు ఆయా ఉద్యోగం ఇచ్చింది.

సారు ఎదురెళ్లి ఆయనను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అందరికీ చెప్పారు. "ఈయన మన అందరికంటె పెద్ద పాఠకుడు. చూపు పోయినంక సుత ఒక్క వారం ఇడిచిపెట్టలే. డ్యూటీ దిగి వచ్చి ఆమె చదివి వినిపిస్తది."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన చప్పట్లు వచ్చిన వైపల్లా మొహం తిప్పుతూ చేతులు జోడించాడు. ఆమె మాత్రం నేల చూస్తూ నిలబడింది.

నేను వరండాలోకి వచ్చి గోడ నీడలో ఫిల్ము మారుస్తుంటే ఆమె నా పక్కకు వచ్చింది.

"అక్కా, ఈడ ఏం మాట్లాడుకుంటరు?"

"ఎవలకు నచ్చిన కథ గురించి వాళ్లు చెప్తరట."

"ఆగిపోయిన పత్రికలల్ల కథల గురించి సుత చెప్తరా?"

"ఏమో. చెప్తే చెప్తరు."

ఆమె ఇంకేదో అడగబోయి ఆగింది. "నాకు డ్యూటీ ఉన్నది, పోవద్దని అన్న అక్కా. ఇనలేదు. తెల్లారకముందే తానం చేసి కూసున్నడు," అని లోపలికి వెళ్లిపోయింది. ఎండకో, నడిచి వచ్చినందుకో అలసిందనుకున్నాను.

మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం తిన్నాక అసలు సభ మొదలైంది. బెంచీలు గుండ్రంగా వేశారు. ఒక్కొక్కరే లేచి చెప్తున్నారు. గాలికి కిటికీ రెక్కలు కొట్టుకోకుండా సారు ఇటుక ముక్కలు అడ్డం పెట్టారు. ఆ కిటికీ వెలుతురు నాకు చాలుతుంది కాబట్టి గోడకు ఆనుకుని నిలబడ్డాను.

వరంగల్ గుమాస్తా లేచి, తాను ఎన్నటికీ మరిచిపోలేని కథ ఒకటుందన్నాడు. భూమి మీద నీళ్లు అడుగంటాక కొంతమంది చంద్రుడి లోపల సొరంగాలు తవ్వుకుని బతకడానికి వెళ్తారు. ఒకరోజు కప్పు కూలి ఏడుగురు లోపల చిక్కుకుంటారు. గాలి తగ్గిపోతుంటుంది. సరిగ్గా అక్కడ సీరియల్ ఆగింది. మరుసటి వారం పత్రికే రాలేదు. మళ్లీ ఎన్నడూ రాలేదు.

"ఎన్ని బుక్‌స్టాళ్లు తిరిగానో చెప్పలేను," అన్నాడు. "వాళ్లు నాకు ఇంకా అక్కడే ఉన్నట్టుంటుంది. అన్నం తినేటప్పుడు గుర్తొస్తారు. నవ్వకండి. నిజంగానే చెప్తున్నాను."

ఎవరూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దంలో నల్లద్దాలాయన నవ్వాడు. సంతోషం పట్టలేని నవ్వు.

"గట్లంటరేంది సారూ! ఆళ్లు బయటికొచ్చిండ్రు గద. మీకు తెల్వదా?"

గుమాస్తా ఆయన వైపు తిరిగాడు. "వచ్చారా? మీకెట్లా తెలుసు?"

"నేను మొత్తం ఇన్న. ఆకరు దాక ఇన్న."

సభ అంతా ఆయన వైపు జరిగింది. బెంచీలు కీచుమన్నాయి. వెండి అంగీ కుర్రాడు తల దీపం తీసి ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగాడు. ఆయన లేచి నిలబడి, ముందు బెంచీ అంచు పట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు. అంతమంది తన మాట కోసం ఎదురుచూడటం కళ్లు పోయాక ఆయనకు అదే మొదటిసారి అనుకుంటాను. గొంతు తెరుచుకుంటూ పోయింది.

"లైట్లన్ని ఆరిపోయినయి. ఒక్కదాని తర్వాత ఒక్కటి. ఇంజనీరు సుత ఎటు పోవాల్నో సమజుగాక కూలవడ్డడు. ఒకలు ఏడ్సుడు, ఒకలు దేవునికి మొక్కుడు. గప్పుడు ఆ పెద్దమనిషి లేచిండు. ఆయనకు కండ్లు లేవు గద, లైటుంటే ఎంత, లేకుంటే ఎంత? 'నా భుజం పట్టుకోండ్రి' అన్నడు. ఒకల భుజం ఒకలు పట్టుకున్నరు. ఆయన బండకు చెయ్యి ఆనిచ్చుకుంట నడిచిండు. ఏ చెంపకు గాలి తగిలితే ఆ పక్కకు మళ్లిండు. పైన ఆయన పెండ్లాం సొరంగం మూతికాడ కూసోని రోజు గిన్నెతోటి బండ మీద కొడుతుండేది. అందరు పొమ్మన్నరు ఆమెను. పోలే. ఆ సప్పుడు ఈయనకు..."

"క్షమించండి," అన్నాడు గుమాస్తా. ఆయన గొంతులో తప్పు పట్టే ధోరణి ఏమీ లేదు, ఆశ్చర్యమే ఉంది. "ఆ ఏడుగురిలో కళ్లు లేనాయన లేడండీ."

"ఉన్నడు సారూ."

"లేడండీ. ఏడుగురి పేర్లూ నాకు కంఠతా వచ్చు."

బెంచీ పట్టుకున్న ఆయన చేతులు అట్లాగే ఉన్నాయి. తర్వాత, తనలో తాను అనుకుంటున్నట్టు, "లేడా?" అన్నాడు.

సంగతి ఏమిటో సారుకు తట్టినట్టుంది. "తర్వాత పుస్తకంగ వేసినప్పుడు మార్చి ఉంటరు," అన్నారు గబగబా. గుమాస్తా కూడా గ్రహించి, "అయ్యుండొచ్చు, అయ్యుండొచ్చు. నేనే చూసి ఉండను," అన్నాడు.

"ఊకోండ్రి సారూ," అన్నాడాయన. మొహం మెల్లగా భార్య కూర్చున్న వైపు తిప్పాడు. ఆమె అప్పటికే లేచి నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

నా గాజుపలక మీద వాళ్లిద్దరూ పడ్డారు. పలక మీద ఆమె కుడి పక్కన, ఆయన ఎడమ పక్కన, నడుమ ఖాళీ బెంచీ. నొక్కాను. చిన్న చప్పుడే, కానీ ఆ హాల్లో అది అందరికీ వినిపించింది.

"నువ్వేనా?" అన్నాడాయన.

"ఔ," అంది ఆమె.

"ఎప్పటిసంది?"

"పత్రిక బందైనకాంచి."

ఆయన తలకాయ ఆడించాడు. "ఇంటికి పోదాం పా," అన్నాడు. ఆమె వచ్చి చెయ్యి పట్టుకోబోతే విడిపించుకున్నాడు. ఒక్కో బెంచీని తడుముకుంటూ, దారిలో ఉన్నవాళ్లు కాళ్లు ముడుచుకుంటుంటే, తనంతట తానే గుమ్మం దాకా నడిచాడు.

ఆ హాల్లో ఆమె కాక ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. అందుకని వెనకే వెళ్లాను. వరండాలో ఆయన స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. ఆమె చెప్పుల కోసం అవతలి చివరికి వెళ్లింది.

"ఎవలు?" అన్నాడు.

"ఫొటోలు తీసే ఆమెనన్నా."

"ఇందాక టిక్కుమన్నది నీదేనా?"

"నాదేనన్నా."

"అండ్ల ఆమె పడ్డదా?"

"ఇద్దరు పడ్డరు."

గొంతు తగ్గించాడు. "ఆమె మొకం ఎట్లున్నది చెల్లె?"

ఫొటో బాగా వచ్చిందా అని నన్ను చాలామంది అడిగారు. మొహం ఎట్లా ఉందని అడిగిన మనిషి అంతకుముందు లేడు. ఏదో ఒక మంచిమాట చెప్పి తప్పుకోవచ్చు. కానీ ఆ రోజుకు ఆయనకు ఇంకొక కల్పన చెప్పడం న్యాయం కాదనిపించింది.

"భయపడ్డదన్నా," అన్నాను. "దొరికిపోయినోళ్ల భయం గాదు. చిన్న పిల్లగాడు మంచం మీదికెళ్లి కిందవడ్తుంటే తల్లి మొకం ఎట్లుంటది, గట్లున్నది."

ఆయన మొహం స్తంభం వైపు తిప్పుకున్నాడు. కాసేపటికి, "మరి నాది?" అన్నాడు.

"మీ మొకంల నవ్వు ఇంక మొత్తం పోలేదన్నా. మీరు కథ చెప్తున్నప్పటి నవ్వు."

ఆమె వచ్చి చెప్పులు ఆయన కాళ్ల ముందు పెట్టింది. వేసుకున్నాడు. చెయ్యి మాత్రం ఇయ్యలేదు. ఆమె ముందు నడుస్తూ, "మెట్లున్నయి... అయిపోయినయి... ఎడమకు గుంత," అని మెల్లగా చెప్తుంటే, ఆ మాట వెంట అడుగు వేసుకుంటూ వెళ్లాడు. గేటు దాటి, బొగ్గు లారీల దుమ్ములోకి వెళ్లేదాకా చూశాను.

లోపల సభ చెదిరిపోయింది. ఇంకా మాట్లాడవలసిన వాళ్లు ఉన్నా ఎవరూ లేవలేదు. గుమాస్తా తల పట్టుకుని కూర్చున్నాడు. "నా నోరు ఊరుకోలేదు సార్," అన్నాడు. "మీరు ఉన్న మాటే అన్నరు. మీ తప్పేమున్నది?" అన్నారు సారు. కొంతసేపయ్యాక గుమాస్తాయే మళ్లీ, చిన్నపిల్లవాడిలా, "ఆ గిన్నె చప్పుడు ఆయనకు వినిపించిందా మరి? చెప్పనే లేదు," అన్నాడు. ఆ ప్రశ్న అక్కడున్న అందరిలోనూ ఉందని వాళ్ల మొహాలు చెప్పాయి. బడి ముందర అందరినీ వరుసలో నిలబెట్టి గ్రూప్ ఫొటో తీశాను. అందులో ఒక్కరూ నవ్వలేదు.

ఫిల్ము ఆ రోజే కడిగాను. ఎర్రదీపం కింద కాగితం మీద ఆమె మొహం మెల్లగా తేలుతుంటే నేను ఆయనతో చెప్పింది సరిగ్గానే ఉందని తెలిసి కుదుటపడ్డాను. మామూలుగా అయితే నుదుటి ముడతలు, కళ్ల కింద నలుపు పెన్సిల్‌తో దిద్దేదాన్ని. దీన్ని ముట్టుకోలేదు.

కొన్ని వారాల తర్వాత సారు స్టూడియోకు వచ్చి, వాళ్ల ఫొటో వాళ్లకు ఇచ్చి రమ్మన్నారు. వరంగల్ గుమాస్తా కార్డు మీద కార్డు రాస్తున్నాడట, ఆ ఏడుగురి సంగతి కనుక్కోమని. "నేను మగోన్ని. నేను పోతే ఆమె నోరు ఇప్పదు. నువ్వే పో," అన్నారు.

వాళ్ల క్వార్టరు వరుస చివరిది. సాయంత్రం పూట వెళ్లాను. ఆమె వాకిట్లో పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు చేస్తున్నది. నన్ను చూసి పీట జరిపింది. ఆయన లోపల మంచం మీద ఉన్నట్టు తలుపులోంచి కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఫొటో ఇస్తే చేతులు తుడుచుకుని తీసుకుంది, ఒక్కసారి చూసి బోర్లించి ఒళ్లో పెట్టుకుంది.

"ఎట్లున్నడు?" అన్నాను.

"తింటడు, పంటడు. అడిగినదానికి మాట చెప్తడు. కథ ముచ్చట మాత్రం తియ్యడు. నేను తియ్య."

రొట్టె తిప్పి వేసింది. నేను ఏమీ అడగకుండానే చెప్పుకుపోయింది. "కండ్లు పోయిన కొత్తల గోడ దిక్కు మళ్లి పండేది అక్కా. ఎవలొచ్చినా మళ్లకపోవు. బువ్వ పెడితే తినకపోవు. ఒకనాడు, 'ఈ వారం పత్రిక వచ్చిందా' అన్నడు. గదే మొదటి మాట. నేను మిషన్ బడిల ఏడు దాక చదివిన. కూడబల్క కూడబల్క చదువుడు మొదలువెట్టిన. పెద్ద పెద్ద మాటలుండేటివి. తప్పు చదివితే ఆయననే సరిచేసేది. సరిచేసుటానికన్న గోడ దిక్కుకెళ్లి ఇటు మళ్లేది."

"తర్వాత పత్రిక ఆగింది."

"ఔ. బస్టాండు కాడ దుకాణపాయన ఇగ రాదన్నడు. తొవ్వ పొడుగు ఏడ్సుకుంట వచ్చిన. గడపల కాలు పెట్టంగనే 'తెచ్చినవా' అన్నడు. నోట్లెకెళ్లి 'తెచ్చిన' అని వచ్చింది. ఏం జేద్దు? మళ్ల పోయి ఇంకో పత్రిక కొనుక్కచ్చిన. కొత్త కాయితం వాసన పట్టుకుంటడు గద. అది ముందల వెట్టుకోని, పేజీలు తిప్పుకుంట, నా మనసుకు తోచింది చెప్పిన. ఆ ఒక్క వారం గడిస్తే సాలనుకున్న."

"గడిచిందా మరి?"

"గడిచింది. కని మల్ల వారం ఉంటది గదక్కా. ఆ ఏడుగురిని బయటికి తెస్తే కథ అయిపోతది. అయిపోతే పై వారం ఏం చదవాలె? అందుకే ఆళ్లను శానా రోజులు లోపల్నే ఉంచిన. పాపం, ఒక్కోపారి నాకే దయ పుట్టేది. దవాఖానల పక్కబట్టలు ఉతుక్కుంట, ఆళ్లకు నీళ్లు ఏడికెళ్లి తేవాలె అని ఆలోచన చేసేది. ఆయనకు అలుపు రాకుంట, నమ్మకం పోకుంట చెప్పాలె గద. కండ్లు లేనాయనను ఎందుకు తెచ్చిననో నాకే తెల్వదు. ఒకనాడు ఈయన శానా బాధపడ్డడు, నేను ఉండి ఏం ఫాయిదా అని. ఆ వారం ఆయన వచ్చిండు కథలకు."

లోపలి నుంచి మంచం కిర్రుమంది. ఆయన గడప దగ్గరికి వచ్చి, తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాడు. ఆమె మాట ఆపేసింది. అంతా విన్నాడని మాకిద్దరికీ తెలుసు.

"ఫొటో చెల్లెనా?" అన్నాడు.

"ఔనన్నా. వరంగల్ సారు కార్డులు రాస్తున్నడట. గిన్నె సప్పుడు ఆయనకు వినవడ్డదా లేదా అని అడుగుతున్నడట."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. అవతల క్వార్టర్లో ఎవరో పిల్లను పిలుస్తున్నారు. ఆయన తలుపు చెక్క వదిలి గడప మీద కూర్చున్నాడు.

"చెప్పరాదు," అన్నాడు భార్యతో. "పాపం, ఆయనకు తెల్వక గోసవడ్తున్నడు."

"నీకు ఎరుకే గద. నువ్వు చెప్పు."

"నువ్వు చేసిన కథ నేనెందుకు చెప్పుదు?"

ఆమె రొట్టెల పెనం దించి పక్కన పెట్టింది. చేతుల్లో పత్రిక లేకపోవడం ఆమెకు కొత్త. వేళ్లు రెండు మూడుసార్లు ఒళ్లో ఉన్న ఫొటో అంచును పేజీలా తిప్పబోయాయి. తర్వాత కుదురుకుంది. గిన్నె చప్పుడు ఆయనకు వినిపించింది. కానీ చప్పుడు ఉన్న వైపు దారి లేదు. గాలి వచ్చే వైపు దారి ఉంది, అటు చప్పుడు లేదు. ఏ వైపు పోవాలో ఆ పెద్దమనిషి తేల్చుకోవలసి వచ్చింది. ఆయన ఏం తేల్చుకున్నాడో, ఏడుగురిలో ఎవరు వెనక్కి రాలేదో, ఆమె చెప్తుంటే వాడకట్టు ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని విన్నాడు. ముందే తెలిసిన కథే అయినా, ఒకచోట ఆపి, "ఆడ కప్పుకు ఆసరగ దిమ్మె పెట్టకుంట ఎట్ల దాటుతరు? కూలదా?" అన్నాడు. ఆమె ఆలోచించి, "మరి పెట్టిండ్రనుకో," అంది. "గట్ల చెప్పు," అన్నాడు.

నేను ఇంటికి వెళ్లి, విన్నది విన్నట్టు సారుకు చెప్పాను. సారు దాన్ని గుమాస్తాకు రాసి పంపారు.

ఆ తర్వాత వాళ్ల ఇంట్లో పత్రికలు కొనడం మానేశారు. సాయంత్రం ఆమె డ్యూటీ దిగి వచ్చాక ఇద్దరూ కలిసి కొత్త కథ కట్టేవారు. ఆమె చెప్పడం, ఆయన అడ్డం తగలడం. వినడానికి వాకిట్లో మనుషులు చేరేవారు. తీరిక దొరికితే నేనూ వెళ్లేదాన్ని. ఒక కథలో సూర్యుడు చల్లబడితే మనుషులు భూమి లోపలికి వలస పోయారు. ఇంకొక కథలో సముద్రం అడుగున పొలాలు. అవి ఎవరూ రాసుకోలేదు, ఎక్కడా అచ్చు కాలేదు. నాకు గుర్తున్నవి కూడా ముక్కలు ముక్కలే.

సారు సభ మళ్లీ జరగలేదు. ఆయనకు ఖమ్మం వైపు బదిలీ అయింది. వచ్చినవాళ్లలో చాలామంది గ్రూప్ ఫొటో కాపీ అడిగి తెప్పించుకున్నారు. గుమాస్తా మాత్రం ఒకసారి తానే వచ్చాడు. ఆ ఇంటి దారి అడిగితే చూపించాను. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని, ఆఖరి బస్సుకు వెళ్లాడు.

ఆ నల్లద్దాలాయన ఎన్నో ఏళ్లు బతకలేదు. ఊపిరితిత్తుల్లో ముందే బొగ్గు చేరి ఉందట. ఒక వానాకాలం దగ్గు పట్టుకుంటే వదలలేదు. ఆమె పని చేసే దవాఖానలోనే, ఆమె డ్యూటీలో ఉండగానే పోయాడు. సమాధి దగ్గర మా ఆయన, నేను ఇద్దరం ఉన్నాం. ఆమె ఏడవలేదు. మట్టి వేసేటప్పుడు మాత్రం, "మెల్లగ పొయ్యుండ్రి," అంది.

దినాలు అయిపోయాక వాడకట్టు వాళ్లు సాయంత్రం పూట వచ్చి కూర్చునేవారు, సగంలో ఉన్న కథ చెప్పమని. ఆమె వాళ్లకు మంచినీళ్లు ఇచ్చేది. "అడ్డం అడిగెటాయన లేకపోతే నాకు నడువదు," అనేది. కొన్నాళ్లకు అడగడం మానేశారు.

చాలా ఏళ్ల తర్వాత మంథని బస్సులో కనిపించింది. ఉద్యోగం అయిపోయి, కమాన్‌పూర్ దగ్గర తమ్ముడి ఊళ్లో ఉంటున్నదట. జుట్టు నెరిసింది. ఒళ్లో తడి గోనెలో చుట్టిన మిరప నారు. మా ఆయన ఎట్లా ఉన్నాడని అడిగింది. ఇప్పుడు రంగు ఫొటోలు వస్తున్నాయని, చీకటిగది మూసేశామని చెప్పాను. చేతికి తడి తగిలేదాకా గోనె అంచు విప్పి చూసుకుంది.

"ఆయన ఉంటే ఇయ్యాల్టికి ఏ గ్రహం మీద ఉందుమో అక్కా," అంది.

కమాన్‌పూర్ వచ్చింది. ఆమె ముందు తాను దిగి, చేతులు చాచింది. నేను నారు కట్ట కిటికీలోంచి అందించాను. నారు వేర్లు తెగకుండా పట్టుకుందో లేదో అని రెండుసార్లు చూసుకుని, ఎండలో కొంగు దాని మీద కప్పి నడిచింది.